తెలిసిన చేయి

"ఆ బహుమతి నీది కాదమ్మా" అన్న మాట భోజనాల బల్ల మీద పడ్డాక ముగ్గురిలో ఎవరి చెయ్యీ పళ్ళెంలోకి వెళ్ళలేదు.

అన్నది తండ్రి. వృత్తివిద్యా కళాశాలలో వెల్డింగ్ నేర్పే మాస్టారు. విన్నది ఆయన ఒక్కగానొక్క కూతురు. ఆయన విభాగంలోనే రెండేళ్ళు చదివింది. వెల్డింగ్‌లో ఈ ఏటి ఉత్తమ విద్యార్థిని తానేనని నిన్న నోటీసు బోర్డు మీద చూసుకుని, బస్సు కోసం కూడా ఆగకుండా ఇంటిదాకా పరుగెత్తుకొచ్చింది. ఈ సాయంత్రమే సభ. పతకం సంగతి అలా ఉంచితే, బాయిలర్లు తయారుచేసే పెద్ద ఫ్యాక్టరీ వాళ్ళు ఆ వేదిక మీదే ఉద్యోగం కాగితం చేతిలో పెడతారు. విభాగానికి ఒక్కరికే.

అలాంటి పూట, కలిపిన ముద్ద నోటిదాకా తెచ్చుకుని మళ్ళీ దించేసి ఆయన ఆ మాట అన్నాడు. నిన్నటినుంచీ ముఖం వేలాడేసుకుని తిరుగుతుంటే, సంతోషం పట్టలేక మూగబోయాడు కాబోలు అనుకున్నారు తల్లీకూతుళ్ళు. మగవాళ్ళ మౌనానికి మంచి అర్థం తీయడం ఆడవాళ్ళకున్న పాత బలహీనత.

"ఏమన్నారు?" అంది తల్లి. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. వార్డు ఈ చివర నిలబడి ఆ చివరి మంచం మీదున్న రోగి చేత మందు మింగించగల గొంతు ఆవిడది. ఆ గొంతు ఇప్పుడు బాగా తగ్గింది. అంటే కోపం బాగా పెరిగిందని అర్థం.

"విన్నావుగా."

"విన్నాను. నా చెవులు బాగానే ఉన్నాయి. మీ నోరే బాగాలేదు. పిల్ల మొదటిసారి ఒక మెట్టు ఎక్కుతుంటే కాలు పట్టుకుని లాగుతారేమండీ?"

కూతురు మాత్రం అరవలేదు. తరగతిలో ఆమెను అందరూ రవ్వ అంటారు. చేరిన మొదటి రోజు నిప్పురవ్వ చొక్కా చేతి మీద పడి బట్ట కాలుతున్నా చేతిలో రాడ్డు వదలకుండా పని పూర్తిచేసింది. అప్పట్నుంచి ఆ పేరే ఇంట్లోనూ స్థిరపడింది.

"నాది కాకపోతే మరెవరిది నాన్నా?"

"పెద్దక్కది."

పెద్దక్క ఆ తరగతిలో అందరికంటే పెద్దది. ఇద్దరు పిల్లల తల్లి. గుడ్డల ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి మిషను కుట్టి, ఇక జన్మంతా ఇంతేనా అనిపించి, ఇరవయ్యేళ్ళ పిల్లల మధ్యకొచ్చి కూర్చున్న మనిషి. నోటీసు బోర్డు మీద ఆవిడ పేరు రవ్వ పేరు కిందే ఉంది. రెండో స్థానానికి సభలో చప్పట్లు మాత్రమే ఇస్తారు.

"సరిగ్గా చెప్పు నాన్నా. ముక్కలు ముక్కలుగా చెప్పకు."

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నాడు. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియక గ్లాసు అటూ ఇటూ జరిపాడు.

"పరీక్షలో మీరు అతికిన ఇనప ప్లేట్ల మీద పేర్లుండవుగా. ఆఫీసువాళ్ళు నంబర్లు గుద్ది నా ముందు పెడతారు. ఎవరిదేదో నాకు తెలీదు, తెలీకూడదు. కానీ చూడగానే ఏడో నంబరు నీదని తెలిసిపోయింది."

"ఎలా?"

"నీ చెయ్యి నాకు తెలీదా?"

తెలుస్తుంది మరి. వెల్డింగ్ చేసేవాళ్ళందరూ ఇనుమునే కరిగిస్తారు, కానీ కరిగిన ఇనుము గడ్డకట్టాక మిగిలే అతుకు ఏ ఇద్దరిదీ ఒకలా ఉండదు. పొలుసు మీద పొలుసు పేర్చినట్టు అలలు పడతాయి. ఒకరిది వెడల్పు, ఒకరిది దగ్గర దగ్గర. చేతిరాతని గుర్తుపట్టినట్టు అనుభవమున్న మాస్టారు అతుకుని గుర్తుపడతాడు. ఆ మాట ఆయన ఎన్నోసార్లు తరగతిలో గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

"ఏడో నంబరు అన్నింటికంటే బాగుంది" అన్నాడాయన. "మొదటిది అదే. కానీ నీదని తెలిశాక నా మీద నాకే అనుమానమొచ్చింది. నా కూతురని కన్ను మెత్తబడిందేమో, ఉన్నదానికంటే బాగా కనిపిస్తోందేమో అనిపించింది. అందుకని కొన్ని మార్కులు తగ్గించాను. పక్షపాతం పోవాలని. నిన్న ఆఫీసులో నంబర్లకి పేర్లు కలిపారు. ఏడు నీది కాదు. పెద్దక్కది. నీది పదకొండు."

తల్లి నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. తిట్టడానికి ఎక్కడ మొదలుపెట్టాలో ఆవిడకీ తెలియలేదు.

రవ్వ మాత్రం నెమ్మదిగా అడిగింది. "పదకొండు చూసినప్పుడు ఏమనిపించింది?"

"ఇదెవరో గట్టి చెయ్యే అనుకున్నాను. ఏడుకంటే ఒక్క మెట్టు కింద. ఉన్న మార్కులు ఉన్నట్టే వేశాను."

"నాదని తెలీలేదు."

"తెలీలేదమ్మా."

"తెలిసుంటే తగ్గించేవాడివి."

ఆయన గ్లాసుని మళ్ళీ పక్కకి జరిపాడు. ఆ మనిషికి అబద్ధం చెప్పడం రాదని ఊరంతా అనుకుంటుంది. రాకపోవడమే ఆ క్షణాన రవ్వకి ఎక్కువ బాధ కలిగించింది. ఒక్కసారి కాదని అంటే బాగుండునని ఆమె మనసు కొట్టుకుంది.

"ఈ ఏడాదంతా నాన్నా" అంది. "వెల్డింగ్ షెడ్డులో అందరి గదుల ముందూ నిలబడేవాడివి. భుజం పట్టుకుని సరిచేసేవాడివి. నా గది దగ్గరికి వచ్చేసరికి తల తిప్పుకుని వెళ్ళిపోయేవాడివి. పొగ లాగే ఫ్యాను పాడైన గది నాకిచ్చావు. రాడ్డు బిగించే హోల్డర్ పగిలినది నాకిచ్చావు. అందరూ అనుకుంటారులే, మాస్టారి కూతురికి మంచివి ఇచ్చారంటారులే అని నేనే సర్దుకున్నాను. కానీ రెండో ఏడాదిలో నా పని ఒక్కసారైనా చూశావా? ఒక్క ప్లేటు చేతిలోకి తీసుకున్నావా?"

"నలుగురూ ఏమనుకుంటారోనని..."

"నలుగురికీ న్యాయం చేశావు. అయిదోదాన్ని నేను."

తల్లి పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు ఎక్కువైంది. ఆవిడ ఏడుపు ఎప్పుడూ గిన్నెల్లోనే వినిపిస్తుంది.

"ఆ ఏడో నంబరు అతుకు నాదే" అంది రవ్వ ఉన్నట్టుండి.

తండ్రి తలెత్తాడు.

"మొదటి ఏడాదిలో నా చెయ్యి అది. అప్పుడు నువ్వు చూసేవాడివి కదా, అదే నీకు గుర్తుండిపోయింది. పెద్దక్కకి నిలువు అతుకు వచ్చేది కాదు. కరిగిందంతా కిందికి జారిపోయేది. 'నువ్వెలా చేస్తావో చూపించవే' అని బతిమాలింది. మధ్యాహ్నం అందరూ తిండికి వెళ్ళాక మేమిద్దరం ఉండిపోయేవాళ్ళం. నా చెయ్యి మీద తన చెయ్యి వేసుకుని నేర్చుకుంది నాన్నా. అచ్చం నాలాగే వచ్చేదాకా వదల్లేదు. ఆ తర్వాత నేను పద్ధతి మార్చుకున్నాను. రాడ్డు ఇంకా దగ్గరగా పట్టుకుని చిన్న చిన్న అలలు వేయడం నాకు నేనే నేర్చుకున్నాను. అక్క మాత్రం నేను నేర్పిన దగ్గరే ఉండి, దాన్ని నాకంటే బాగా చేసింది."

ఆమె తన కుడిచెయ్యి తిప్పి చూసుకుంది.

"నేను నేర్పకపోతే ఈ బహుమతి అక్కకే వచ్చేది. తన చేతితో తను ఎలా చేసినా నువ్వు మార్కులు సరిగ్గా వేసేవాడివి. నాలా చేయడమే తన తప్పైపోయింది."

మాస్టారు రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. తన జీవితంలో ఎవరికీ అన్యాయం చేయలేదని ఆయనకి గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకాన్ని చూసుకునే అద్దం ముందు తల దువ్వుకునేవాడు. ఇప్పుడు ఒక్క పనితో ఇద్దరికి అన్యాయం చేశాడు. ఒకరికి చేతులారా, మరొకరికి మనసారా.

"ప్రిన్సిపాల్‌కి చెప్పేస్తాను" అన్నాడు చేతుల మధ్యనుంచే. "సభ మొదలయ్యేలోగా."

"ఏమని చెప్తారు?" తల్లి వంటింటి గుమ్మంలో ఆగింది. "కూతురికి తగ్గించబోయి పొరపాటున ఇంకొకావిడకి తగ్గించానంటారా? నమ్మే వెర్రివాడు ఎవడైనా ఉన్నాడా? కూతురికి కట్టబెట్టడానికి ఆవిడ గొంతు కోశాడంటారు. మీ ఉద్యోగం పోతుంది. దీని ఉద్యోగం పోతుంది. పోనీ ఆవిడకి వస్తుందా? ఇలాంటి చోట మనుషుల్ని తీసుకోబోమని ఆ ఫ్యాక్టరీవాళ్ళు వెనక్కి తిరిగి పోతారు. ముగ్గురూ మునుగుతారు. అప్పుడు మీ నిజాయితీని ఎత్తుకుని ఊరేగుదురుగాని."

"అలాగని..."

"అలాగని ఏంటి? దీని పని బాగోలేదా? మీ నోటితో మీరే అన్నారుగా, గట్టి చెయ్యని. ఎవరి పనో తెలియకుండానైనా మీరు ఈ పిల్లని మెచ్చుకోవడం ఇదే మొదటిసారి. దాన్నైనా మిగలనివ్వండి."

ఆవిడ మాటలో స్వార్థం ఉంది, నిజమూ ఉంది. రెండూ కలిసి వచ్చినప్పుడు ఎదిరించడం కష్టం. రవ్వ కూడా తల్లి వైపు చూసింది గానీ వద్దని అనలేదు. ఆ ఉద్యోగం ఆమెకి కావాలి. అక్కర్లేదనుకుందని రాస్తే అది అబద్ధమే. నిన్న రాత్రి కలలో ఆ ఫ్యాక్టరీ గేటు లోపలికి నడిచింది కూడా. ఇప్పుడు ఆ కోరికకి తనమీద తనకే అసహ్యం వేసింది.

అప్పుడే తలుపు చప్పుడైంది.

"ఏమేవ్ రవ్వా! ఇంకా తయారవలేదా? పతకం వేయించుకునే పిల్లవి, ఆ నలిగిన బట్టల్తోనే వస్తావా?"

పెద్దక్క. ఇస్త్రీ మడత నలగని బట్టల్లో, తల నున్నగా దువ్వుకుని, చంకలో కాగితం పొట్లంతో నవ్వుతూ నిలబడింది. ముగ్గురి ముఖాలూ చూసి, "భోజనాల వేళకి వచ్చానా? నాకెప్పుడూ ఇంతే. వేళాపాళా తెలీదు" అని తనే సమాధానం చెప్పుకుంది.

"రామ్మా, కూర్చో" అంది తల్లి. కూర్చోమన్న గొంతులో కూర్చోవద్దని ఎంత ఉందో పెద్దక్క గమనించలేదు.

"కూర్చోను అక్కగారూ, కూర్చుంటే మడత పోతుంది. ఇదిగో రవ్వా, ఇది నీకే."

పొట్లంలో తోలు చేతితొడుగులు. అంగట్లో కొన్నవి కావు. తోలు ముక్కలు ఏరి, మందపాటి దారంతో రెండేసి వరసలు కుట్టినవి. బొటనవేలి దగ్గర అదనంగా ఒక అతుకు.

"అంగట్లో దొరికేవన్నీ మగవాళ్ళ కొలతలేనాయె. నీకు వదులై జారిపోతాయి. నీ బొటనవేలు ఎప్పుడూ అక్కడే కాలుతుంది కదా, అందుకని అక్కడ రెండు పొరలు వేశాను. తొడుక్కో, చూద్దాం."

రవ్వ తొడుక్కుంది. కొలత తీయకుండా కుట్టినవి వేళ్ళకి సరిగ్గా పట్టాయి. ఆమె తల వంచుకుని వాటినే చూస్తూండిపోయింది.

"నచ్చలేదా?"

"నచ్చాయక్కా."

"మరి ఆ ముఖమేంటే, పరీక్ష తప్పినట్టు? రెండోదాన్ని నేనే నవ్వుతున్నాను." పెద్దక్క నవ్వి, మాస్టారి వైపు తిరిగింది. ఆయనతో మాట్లాడేటప్పుడు ఆవిడ గొంతులోకి వినయం దానంతట అదే వస్తుంది. "మాస్టారూ, మీరు ఇంట్లో ఉండగా ఒక్క మాట అడగాలని ముందే వచ్చాను. సభలో అడిగితే బాగోదు. నా ప్లేటులో లోపమేంటో చెప్తారా? బాధపడనండీ. తెలుసుకుందామని."

ఆ అడగడంలో ఫిర్యాదు ఏ మూలా లేదు. ఉంటే మాస్టారికి కొంత సులువయ్యేది.

ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడి, కనీకనబడకుండా తల అడ్డంగా ఊపింది. అంత మొండి మనిషి కళ్ళలో బతిమాలుకోవడం ఆయన ఇన్నేళ్ళ కాపురంలో చూడలేదు.

"అంచున..." అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "అంచున సన్నగా గాడి పడిందమ్మా. వేడెక్కువై అంచు కరిగింది."

"గాడా!" పెద్దక్క చెయ్యి బుగ్గ మీదికి వెళ్ళింది. "నేను ఒకటికి నాలుగుసార్లు చూసుకున్నానే. ఏ వైపు మాస్టారూ?"

ఒక అబద్ధం ఆడితే సరిపోతుందనుకున్నాడాయన. వెంటనే రెండోది కావాల్సి వచ్చింది.

"కుడివైపు."

"కుడివైపు" అని ఆవిడ తనలో తను అనుకుంది. కళ్ళు మూసుకుని, ఆ ప్లేటుని మనసులో తిప్పి చూసుకుంటున్నట్టు కాసేపు నిలబడింది. కనబడలేదు కాబోలు. కళ్ళు తెరిచేసరికి ముఖంలో వెలుగు కొంచెం తగ్గింది.

"మంచిదైంది అడగడం. నేనైతే, నవ్వకండి మాస్టారూ, నా చేతులతో నేను చేసిన పనులన్నింట్లో అదే మంచిదనుకున్నాను. ఇంటికెళ్ళి పిల్లలకి కూడా చెప్పుకున్నాను. అంత గాడి పడ్డా నా కంటికి కనబడలేదంటే, ఇక నాకీ పని లొంగదు."

"అదేం మాటమ్మా" అన్నాడాయన కంగారుగా. "చిన్న లోపం అది. అందరికీ..."

"చిన్నదే కానీ కనబడాలిగా! తప్పు చేస్తే దిద్దుకోవచ్చు. కనబడకపోతే ఏం దిద్దుకుంటాను? బస్టాండు దగ్గర షెడ్డాయన గేట్లూ ట్యాంకులూ చేసే పనిలోకి రమ్మన్నాడు. మీ మాట విన్నాకే ఏదో ఒకటి చెప్దామని ఆగాను. నా చేతి ట్యాంకు ఎవరి నెత్తినో విరుచుకుపడితే? వద్దులెండి. గుడ్డల ఫ్యాక్టరీ వాళ్ళు మళ్ళీ రమ్మంటూనే ఉన్నారు. అక్కడ కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు."

నవ్వుతూనే అంది. రెండేళ్ళ కష్టాన్ని, పిల్లల్ని ఎవరి దగ్గరో వదిలి వచ్చిన పగళ్ళని, ఆ ఒక్క నవ్వుతో మడిచి పక్కన పెట్టేసింది. చూస్తున్న తల్లికి గుండెలో కలుక్కుమంది. పతకం ఒకరికి పోయి మరొకరికి వచ్చిందనుకుందే గానీ, ఆ అబద్ధం మనిషి చేతుల్నే తీసేస్తుందని ఆవిడ అనుకోలేదు.

"టీ పెడతాను" అని లోపలికి వెళ్ళబోయి, వెళ్ళలేక అక్కడే నిలబడింది.

"అక్కా" అంది రవ్వ. తొడుగులు ఇంకా చేతులకే ఉన్నాయి. "నీ ప్లేటుకి గాడి లేదు."

"రవ్వా!" అంది తల్లి.

"లేదక్కా. ఎడమవైపు లేదు, కుడివైపూ లేదు. ఏ లోపమూ లేదు. మొదటి స్థానం నీదే. నాన్న నీ ప్లేటు చూసి నాదనుకున్నాడు. నాదనుకుని మార్కులు తగ్గించాడు."

పెద్దక్క ఒక్క క్షణం ఆమెను చూసి, పకపకా నవ్వింది. దగ్గరికొచ్చి చెంప మీద చిన్నగా తట్టింది.

"చాల్లే ఊరుకో. నన్ను ఓదార్చడానికి కన్నతండ్రి మీదే నింద వేస్తావా? బాగానే ఉంది. ఏ తండ్రైనా కూతురిదనుకుంటే నాలుగు మార్కులు ఎక్కువ వేస్తాడు గానీ తగ్గిస్తాడా? అబద్ధం ఆడినా అతికేట్టు ఆడాలే పిచ్చిపిల్లా."

"నిజమక్కా."

"సరే, నిజమే. ఇక బట్టలు మార్చుకో. ఆలస్యమైతే ముందు వరసలో కుర్చీలు దొరకవు." ఆవిడ మాస్టారి వైపు తిరిగింది, ఇంకా నవ్వుతూనే. "చూశారా మాస్టారూ మీ అమ్మాయిని? మీరైనా మందలించండి. మీ కన్ను తప్పు చూస్తుందా?"

ఆయన లేచి నిలబడ్డాడు. ఒక్క మాట అంటే చాలు. 'దాని మాటలకేంలే' అంటే ఆవిడ సంతోషంగా నమ్మేస్తుంది, ముందు వరసలో కూర్చుని చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొడుతుంది. ఆ మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కూతురు తననే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. నాన్న ఇప్పుడేం చేస్తాడోనన్న భయం ఉంది. ఆ భయం చూశాక ఆయనకి మాట పెగల్లేదు.

పెద్దక్క ఎదురుచూసింది. నవ్వు ముఖం మీద ఉంది గానీ, దాన్ని అక్కడ నిలబెట్టడానికి ఆవిడ కష్టపడాల్సి వస్తోంది. మాస్టారిని చూసింది, తల్లిని చూసింది. తల్లి కళ్ళు దించుకుంది.

"మాస్టారూ" అంది పెద్దక్క. వినయం పోలేదు గానీ, ఆ గొంతు ఇప్పుడు నవ్వడం లేదు. "మరి కుడివైపు అని ఎందుకన్నారు?"